కంచెలు వేయని ఊరు లాక్స్‌టన్

మిత్రులందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ పల్లె అనగానే మనకు పొదల కంచెలు, వాటి మధ్య పచ్చని పొలం చెక్కలు గుర్తొస్తాయి. ఆ కంచెల్లో చాలా వరకు 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి వేయించినవే. అప్పటిదాకా ఊరుమ్మడిగా సాగిన భూములు ఎవరికి వారివైపోయాయి. పేదవాడు ఆవును మేపుకునే బీడు కూడా పోయింది.

నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో మాత్రం పాత పద్ధతే మిగిలింది. అక్కడి ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరకపోవడం అందుకు ఒక కారణమంటారు. వాళ్ల తగాదా ఊరికి మేలే చేసింది!

అక్కడ వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలున్నాయి. ఒక్కో రైతుకి మూడింట్లోనూ అక్కడో చెక్క, ఇక్కడో చెక్క ఉంటాయి. ఒక ఏడు చలికాలపు గోధుమ, మరుసటి ఏడు వసంతంలో వేసే పంట, మూడో ఏడు నేలకు విశ్రాంతి. మార్క్ పియర్స్ 1635లో గీసిన ఈ ఊరి పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఈ మూడు పొలాలూ అందులో కనిపిస్తాయి.

కంచె లేనప్పుడు పక్కవాడు నాలుగు సాళ్లు ఎక్కువ దున్నేస్తే? గట్టు తగాదాలు ఎంత దూరం వెళ్తాయో రైతు కుటుంబాల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. లాక్స్‌టన్‌లో దానికి కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు ఉంది. గోధుమ మొలకెత్తాక, చలికాలం మొదట్లో, రైతులతోనే ఏర్పడిన జ్యూరీ ట్రాక్టర్ ట్రాలీల్లో పొలానికి వెళ్తుంది. హద్దు చెదిరిన చోట కొయ్యమేకు దిగ్గొడతారు. దారినో, సైక్‌లు అని పిలిచే గడ్డి పట్టీలనో కలిపి దున్నినవాడి పేరు రాసుకుంటారు. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుని జరిమానా ఖాయం చేస్తుంది. మొత్తం చిన్నదే. కానీ రేపు పొద్దున మళ్లీ మొహం చూడాల్సిన తోటి రైతులే వేశారు కాబట్టి దానికి బరువుంటుంది. ఈ పొలాలను ఇన్నాళ్లు నిలబెట్టింది ఈ కోర్టేనని నా నమ్మకం.

యజమానులు మాత్రం మారుతూనే ఉన్నారు. 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఈ భూముల్ని కొంది. 1981లో అవి బ్రిటన్ రాజరికపు ఆస్తుల్ని చూసే క్రౌన్ ఎస్టేట్‌కి, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు ఎస్టేటుకి వెళ్లాయి. సేద్యం చేసే కుటుంబాలు మునుపటికంటే తగ్గాయి. నా ఆందోళనంతా దాని గురించే. జ్యూరీలో కూర్చోవడానికి ఊళ్లో రైతులు ఉండాలి కదా.