స్పీకర్ వైర్ రివ్యూ: పైన రాగి, మరి లోపల?

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద ఆంప్ (స్పీకర్లని నడిపించే ఆంప్లిఫైయర్) లేదు, స్పీకర్లు లేవు. మూడు వైరు చుట్టలు మాత్రం ఉన్నాయి. ఈ వీడియో చేయడానికి కారణం నేను మోసపోవడమే, ముందు అది చెప్తాను.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు పాతది, హాలు పొడుగు. ఆంప్ ఉన్న అలమరా ఒక చివర, స్పీకర్లు రెండో చివర. గుమ్మాల పైనుంచి తిప్పి తీసుకెళ్తే ఒక్కో స్పీకర్‌కి 15 మీటర్ల వైరు పట్టింది. వన్ టౌన్‌లో ఒక షాపులో అడిగితే, "ప్యూర్ కాపర్ సార్, 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్" అని ఈ మొదటి చుట్ట ఇచ్చారు. స్క్వేర్ ఎమ్ఎమ్ అంటే తీగ అడ్డుకోత వైశాల్యం, అది పెరిగితే తీగ లావైనట్టు. మీటరు ముప్పై రూపాయలు. చవగ్గా దొరికిందని సంబరపడ్డాను.

బిగించాక తేడా కొట్టింది. సౌండ్ కొంచెం తగ్గింది, అది వాల్యూమ్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ తబలా వింటుంటే డగ్గా (జంటలో బాస్ పలికే పెద్దది) దెబ్బ పడి ఆగాల్సిన చోట ఆగట్లేదు. బుమ్‌మ్‌మ్ అని సాగుతోంది.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతాను చూడండి. ఒక పోగు తీసి బ్లేడుతో గీకుతున్నా. పైన ఎర్రగా ఉంది కదా, లోపల తెల్లగా వచ్చింది. అల్యూమినియం! పైన రాగి పూత. దీన్నే సీసీఏ అంటారు, కాపర్ క్లాడ్ అల్యూమినియం. దీన్నీ టిన్ పూసిన రాగినీ ఒకటే అనుకోకండి. అది పైన తెలుపు, లోపల ఎరుపు. అది మంచి వైరే. పైన ఎరుపు, లోపల తెలుపు అయితేనే మనకి టోపీ పడ్డట్టు.

కరెంటు మోయడంలో అల్యూమినియం రాగిలో దాదాపు 61 శాతమే. అందుకే ఇంటి ముందు స్తంభాల మీద లావుగా వేస్తారు, అక్కడ తేలిక ముఖ్యం. మన హాల్లో బరువుతో పనేంటి?

సరే, మల్టీమీటర్ తీశాను. ఒక చివర రెండు తీగలూ కలిపి మెలేసి, రెండో చివర కొలవాలి. 1.3 ఓమ్ చూపించింది. ఓమ్ అంటే కరెంటుకి తీగ పెట్టే అడ్డం, అదే రెసిస్టెన్స్, కొలత. మీటర్ ముల్లులు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.2 చూపిస్తోంది, అది తీసేస్తే 1.1. అసలైన రాగి 1.5 అయితే వెళ్లీ వచ్చే 30 మీటర్లకి 0.4 రావాలి. అంటే లోపల అల్యూమినియమే కాదు, మందం కూడా చెప్పినంత లేదు.

నావి 4 ఓమ్‌ల స్పీకర్లు. వాటి ముందు 1.1 ఓమ్ తీగ పెడితే, ఆంప్ పంపిన పవర్‌లో ఐదో వంతు పైగా గోడ మీదే వేడిగా పోతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. స్పీకర్ 4 ఓమ్ అని రాసున్నా, అది అన్ని స్వరాల దగ్గరా 4 ఉండదు. బాస్‌లో ఒక చోట చాలా ఎక్కువకి లేస్తుంది, ఇంకో చోట 4 కంటే కిందికి దిగుతుంది. తీగ అడ్డం ఎక్కువైతే దిగిన చోట సౌండ్ ఎక్కువ తగ్గుతుంది, లేచిన చోట అంతగా తగ్గదు. పైగా కోన్‌ని, అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటుని, పట్టి ఆపే ఆంప్ పట్టు సడలుతుంది. నా డగ్గా సాగింది అందుకే.

రెండో చుట్ట, ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ మల్టీ స్ట్రాండ్, అంటే సన్న పోగులు చాలా కలిపిన రాగి తీగ. 90 మీటర్ల కాయిల్స్‌గా వస్తుంది. ఎరుపొకటి, నలుపొకటి తీసుకుని, డ్రిల్ మెషీన్‌కి తగిలించి మెలేశాను. కొలిస్తే 0.24. డగ్గా దారిలోకి వచ్చింది. చూడ్డానికి మాత్రం అందంగా లేదు, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

మూడోది ఆక్సిజన్ ఫ్రీ కాపర్ స్పీకర్ కేబుల్, అదే 2.5 మందం. మీటరు రెండు వందల యాభై! మెత్తగా ఉంది, మూలల్లో చక్కగా వంగుతుంది. సౌండ్ సంగతి తేల్చుకుందామని మా బావమరిదిని తీగలు మార్చమని, నేను అటు తిరిగి కూర్చున్నా. "బావా, ఇప్పుడేది?" అని పదిసార్లు అడిగాడు. ఐదు కరెక్ట్, ఐదు తప్పు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ఆక్సిజన్ తీసేస్తే రాగి కండక్టివిటీ ఒక శాతం పెరిగినా గొప్పే.

వెండి గురించి కూడా అడుగుతున్నారు. రాగి కంటే ఐదారు శాతం మెరుగు, అంతే. ఆ తేడా రాగిని ఒక పిసరు లావుగా కొంటే వచ్చేస్తుంది. స్కిన్ ఎఫెక్ట్, అంటే సన్న స్వరాల దగ్గర కరెంటు తీగ పైపైనే పారుతుంది అంటూ భయపెట్టేవాళ్లకి ఒక మాట: చెవికి వినిపించే పై అంచు 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా కరెంటు రాగిలో అర మిల్లీమీటరు దాకా దిగుతుంది. మన వైర్లకి అది లెక్కలోకి రాదు.

నేను పాటించేది ఒకటే: తీగ రానుపోను రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్‌లలో ఐదు శాతం దాటకూడదు. నా 0.24 కూడా 4 ఓమ్‌లకి ఆరు శాతం, ఒక మెట్టు లావు తీసుకోవాల్సింది. మీ ఆంప్ పక్కనే స్పీకర్లుంటే, మూడు మీటర్లకి మామూలు 1.5 రాగి సరిపోతుంది.

మన కృష్ణ ఒడ్డు చెమ్మకి, చవక ట్రాన్స్‌పరెంట్ తొడుగుల్లో రాగి రెండేళ్లకే ఆకుపచ్చగా మారుతుంది. చివర ఒక అంగుళం కోసేసి, కొత్త రాగి తేల్చి మళ్లీ బిగించండి.

చివరగా ప్లస్, మైనస్. ఒక స్పీకర్‌కి తిరగేస్తే బాస్ మాయమవుతుంది, ఏ ఖరీదైన వైరూ ఇంత తేడా చూపించదు. అనుమానంగా ఉంటే వైర్లు ఆంప్ నుంచి ఊడదీసి, 1.5 వోల్ట్‌ల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని ప్లస్ అనుకున్న తీగకి, మైనస్‌ని రెండో తీగకి ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ బయటికొస్తే సరిగ్గా ఉన్నట్టు. లోపలికి పోతే తిప్పి బిగించండి.