జిల్లాకొక అంకె చాలదు
(అమలాపురంలో ఉపాధ్యాయులు, ఆరోగ్య సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు ఈ విషయం పెట్టొద్దని నిర్వాహకులకు ముందే చెప్పాను, వినలేదు. మలం గురించి, అందులోని నులిపురుగుల గుడ్ల గురించి మాట్లాడకుండా ఈ కథ నడవదు. కాస్త ఓర్చుకోండి.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఈ రెండు తేదీలూ మీకు కంఠతా వచ్చు. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినం కింద ఏడాది నుంచి 19 ఏళ్ళ వయసు దాకా పిల్లలకు ఆల్బెండజోల్ వేస్తున్నాం. 400 మిల్లీగ్రాముల మాత్ర, రెండేళ్ళలోపు వాళ్ళకు సగం. ఆ రోజు రానివాళ్ళకు తర్వాత మరో రోజు. ఎంతమందికి వేశామో సాయంత్రానికల్లా లెక్క పైకి వెళ్ళిపోతుంది. ఏ ఊళ్ళో ఏ పురుగు ఉంది, ఎంతమందిలో ఉంది, ఒక్కొక్కరిలో ఎంత ఉంది అన్న లెక్క మాత్రం అంత తేలిగ్గా చేతికి రాదు. నేను మాట్లాడేది ఈ రెండో లెక్క గురించి. మన డెల్టాలో దాన్ని మండలాల హద్దులతో కాక, నేలనూ నీళ్ళనూ బట్టి పటం గీయాలన్నది నా వాదన.

మనకు కావలసినవి మూడు పురుగులు: ఏలికపాము, కొరడా పురుగు, కొంకి పురుగు. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల గుడ్ల దాకా పెడుతుంది. ఆ గుడ్డు పడిన వెంటనే ఎవరికీ అంటుకోదు. తడి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉన్నాకే దానికి ఆ శక్తి వస్తుంది. తర్వాత గోళ్ళ సందుల్లోంచో, కడగని ఆకుకూరతోనో నోట్లోకి చేరుతుంది. కొరడా పురుగుదీ ఇంచుమించు ఇదే దారి. కొంకి పురుగు దారి వేరు. దాని గుడ్డు మట్టిలోనే పగులుతుంది. పిల్ల వారం, పది రోజుల్లో ఎదిగి, చెప్పుల్లేని పాదం దొరికితే చర్మంలోంచే లోపలికి దూరుతుంది. రక్తంతో పాటు ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి గొంతుకు, చివరికి పేగుకు చేరి, గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. తరగతిలో పాలిపోయిన మొహంతో, రెండో పీరియడుకే తల వాల్చేసే పిల్ల ఒకరిద్దరు మీ అందరికీ గుర్తొస్తారు. కారణం అన్నిసార్లూ ఇదే అనను. చూడవలసిన కారణాల్లో ఇదొకటి.

ఈ మూడింటికీ మధ్యలో మట్టి కావాలి. మట్టి మారితే పురుగు వాటా మారుతుంది. ఆఫ్రికాలో ఇలాంటి పటాలు గీసినవాళ్ళు ఉపగ్రహం కొలిచిన నేల వేడిని బడిపిల్లల పరీక్షలతో పోల్చి చూశారు. నేల బాగా వేడెక్కే చోట్ల, అంటే 36, 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో, ఏలికపాము, కొరడా పురుగు అరుదుగా కనిపించాయి. కొంకి పురుగు పిల్ల కదలగలదు కాబట్టి మట్టిలో కిందికి దిగి తప్పించుకుంటుంది. ఉగాండాలో కొంకి పురుగు దాదాపు దేశమంతా పరుచుకుంటే, మిగతా రెండూ నైరుతి మూలన ఎక్కువగా తేలాయి.

ఆ సూత్రాన్ని తెచ్చి కోనసీమ మీద పెడితే చిక్కు వస్తుంది. ఇక్కడ మే నెల ఎండ మామూలుది కాదు. కానీ కొబ్బరి తోటలో, డొక్కల కింద, అరటి మొక్కల మధ్య బోదెల్లో నేల మే నెలలోనూ చల్లగా, తడిగా ఉంటుంది. ఉపగ్రహానికి కొబ్బరి తలలు కనిపిస్తాయి గానీ వాటి కింద కాలుపెట్టే మట్టి కనిపించదు. ఆ మట్టి మీద నడిచే పిల్లల్ని పరీక్షిస్తే తప్ప తెలియదు.

డెల్టా అంతా ఒకటే అనుకునేది బయటివాళ్ళు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రు. నీరు ఇంకుతుంది, గాలి ఆడుతుంది. కొంకి పురుగు పిల్ల కోరుకునే నేల అదే. ఏటా జులై, ఆగస్టుల్లో వరద వచ్చి పాత మట్టిని కోసుకుపోతుంది, కొత్తది పరుస్తుంది. పిల్లలు గట్టుకు చేరతారు, మరుగుదొడ్లు మునుగుతాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారిన నడి డెల్టాది వేరే కథ. బరువైన నల్లరేగడి, నెలల తరబడి నీళ్ళు నిలిచే వరిచేలు. అక్కడ కొంకి పురుగుకు ఊపిరాడదు గానీ, ఏలికపాము గుడ్డు బంకమట్టిలో చాలాకాలం నిలుస్తుంది. కాలువ గట్టున వరసగా ఇళ్ళు. కొన్ని అడుగులు తవ్వితే నీరు పడే చోట మరుగుదొడ్డి గుంత వానాకాలంలో పొంగి పక్కనున్న బోదెలో కలుస్తుంది. ఇక అంతర్వేది వైపు సముద్రతీరంలో ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు. వాటికి కాస్త ఇవతల రొయ్యల చెరువులతో ఉప్పెక్కిన పొలాలు. ఎక్కువ ఉప్పుకు కొంకి పురుగు పిల్ల తట్టుకోలేదు. ఇవన్నీ ఒక్క జిల్లాలో, కొన్నిచోట్ల ఒక్క మండలంలోనే ఉన్నాయి.

ఇప్పుడు సగటు సంగతి. మూడు బడులు, ఒక్కో బడిలో 50 మంది పిల్లలు అనుకుందాం. లంకలో ఉన్న బడిలో 30 మందికి పురుగులు తేలాయి. మిగతా రెండింట్లో ముగ్గురేసి. మొత్తం 150 మందిలో 36, అంటే 24 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 20 నుంచి 50 శాతం లోపు అయితే ఏడాదికి ఒకసారి మాత్ర, 50 శాతం, ఆపైన అయితే రెండుసార్లు. ఈ సగటును పట్టుకుంటే లంక పిల్లలకు చాలినంత వైద్యం అందదు, మిగతా రెండు బడులకు అక్కర్లేనంత అందుతుంది. మనం ఇప్పుడు అందరికీ రెండుసార్లు వేస్తున్నాం కదా, గొడవెందుకు అంటారేమో. మాత్ర పేగులోని పురుగుల్ని పంపేస్తుంది గానీ మట్టిలో గుడ్లను ముట్టదు. కొరడా పురుగు మీద ఒక్క మోతాదు అంతగా పనిచెయ్యదు కూడా. మట్టి మారని చోట ఏడాది తిరిగేలోపు ఏలికపాములు మళ్ళీ పాత స్థాయికి వచ్చేస్తాయి. మరుగుదొడ్డి డబ్బు ముందు ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఏ ఊళ్ళో మాత్ర ఆపినా ఫర్వాలేదు అన్నవి పటం చూస్తే తప్ప తేలే ప్రశ్నలు కావు.

ఈ ఆలోచన మొన్న పుట్టింది కాదు. 1920ల్లో కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో పనిచేసిన ఏసా చాండ్లర్ దేశంలో ఏ ప్రాంతంలో కొంకి పురుగు ఎంత ఉందో సర్వే చేశారు. ఎంతమందికి ఉందన్న దగ్గర ఆగకుండా, గుడ్లు లెక్కపెట్టి ఎంత భారంగా ఉందో అంచనా వేశారు.

లెక్క పెట్టే పద్ధతి ఇప్పుడు తేలికైంది. జపాన్‌లో కాటో 1954లో మొదలుపెట్టిన దాన్ని బ్రెజిల్‌లో కాట్జ్ 1972లో సరిచేశారు. పిల్లవాడు తెచ్చిన డబ్బాలోంచి కాస్త తీసి, సన్నటి జల్లెడ గుడ్డలోంచి వత్తుతారు. చిల్లు ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళను గాజు పలక మీద పెట్టి, ఆ చిల్లు నిండా నింపుతారు. అది సరిగ్గా 41.7 మిల్లీగ్రాములు. బిళ్ళ తీసేసి, గ్లిజరిన్, మలకైట్ గ్రీన్ కలిపిన ద్రావణంలో నానిన సెలోఫేన్ ముక్క కప్పి, తిరగేసి నొక్కుతారు. మైక్రోస్కోపులో కనబడ్డ గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. 250 గుడ్లు కనబడితే 6,000. అవి ఏలికపామువైతే మధ్యస్థం, కొంకి పురుగువైతే తీవ్రం. అందుకే అన్ని పురుగుల్నీ కలిపి ఒక్క రంగు వేసిన పటం నాకు నచ్చదు.

ఇందులో ఒక మెలిక ఉంది. గ్లిజరిన్ తగిలాక కొంకి పురుగు గుడ్డు అరగంట, గంటలో కరిగినట్టు మాయమైపోతుంది. ఏలికపాము గుడ్డు మాత్రం నిక్షేపంగా నిలుస్తుంది. లంకలో పలకలు తయారుచేసి, పడవ దాటించి, బస్సెక్కించి కాకినాడ పంపితే, అక్కడి టెక్నీషియన్ ఎంత గొప్పవాడైనా కొంకి పురుగు లేదనే రాస్తాడు. ఏది ఎక్కువగా ఉండే అవకాశం ఉందో దాన్నే పటం మీద చెరిపేసినట్టవుతుంది. మైక్రోస్కోపే బడి దగ్గరికి రావాలి. వరండాలో ఒక బల్ల, వెలుతురు చాలు.

ఎన్ని బడులు చూడాలి? అన్నీ అక్కర్లేదు. నేలా నీరూ ఒకేలా ఉన్న ప్రాంతానికి అయిదు బడులు, బడికి 50 మంది, మూడో తరగతి ఈడు పిల్లలు. పక్కపక్క ఊళ్ళ ఫలితాలు సాధారణంగా దగ్గరగా ఉంటాయి కాబట్టి, చూడని ఊళ్ళ సంగతి గణాంకాలతో అంచనా కట్టొచ్చు. పక్క ఊరంటే ఏది అన్నది మాత్రం కంప్యూటరుకు మనమే చెప్పాలి. నరసాపురం, సఖినేటిపల్లి పటం మీద ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో వసిష్ఠ. నీళ్ళు, కాలువ, జిల్లా అన్నీ వేరు. అంచనా కట్టిన చోటును అంచనా అని, చూడని చోటును చూడలేదని పటం మీదే రాయాలి. తెల్లగా వదిలేస్తే జబ్బు లేదనుకుంటారు.

బడిపిల్లల పటానికి ఒక లోటుంది. ఏలికపాము, కొరడా పురుగు పిల్లల్లోనే ఎక్కువ. కొంకి పురుగు మాత్రం వయసుతో పెరిగి పెద్దవాళ్ళలో నిలుస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు, కొబ్బరి దింపు కార్మికులు ఈ పటంలోకి రారు. బడిలో కొంకి పురుగు కొద్దిగా తేలినా, ఆ ఊరి పెద్దవాళ్ళను కూడా చూడమని అర్థం.

బోదకాలు గురించి ఒక్క మాట. ఆ జబ్బు మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. దాని కోసం ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రతో పాటు ఆల్బెండజోల్ కూడా ఇచ్చారు. అంటే కొన్ని ఊళ్ళలో నులిపురుగుల మందు పెద్దవాళ్ళకూ చేరింది, కొన్నింట్లో చేరలేదు. ఆ చరిత్ర తెలియకుండా ఇప్పటి పటాన్ని చదవకూడదు. బోదకాలు మాత్రలు ఆపవచ్చా అని తేల్చడానికి ఆరేడేళ్ళ పిల్లల వేలి రక్తం పరీక్షిస్తారు. ఆ బృందం చేతే మలపరీక్ష కూడా చేయించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మార్గదర్శకం ఇచ్చింది. ఒకే పడవ ఖర్చుతో రెండు పనులు.

చివరిగా మీ పని. టాంజానియాలో మూత్రంలో రక్తం పడే జబ్బును ఉపాధ్యాయులే ప్రశ్నపత్రాలతో గుర్తించారు. పిల్లలు ఎర్రటి మూత్రాన్ని చూసి చెప్పగలరు. మన పురుగుల విషయంలో అలా కుదరదు, డబ్బా తప్పదు. డబ్బా ఇచ్చిన మర్నాడు సగం మంది “ఇయ్యాల రాలేదండీ” అంటారు. ఇద్దరు స్నేహితుల డబ్బాలు ఒకే రంగులో, ఒకే తీరుగా వస్తే, ఒకడిది ఇద్దరూ పంచుకున్నారని మీకే తెలిసిపోతుంది. తిట్టకండి, ఇంకో డబ్బా ఇవ్వండి.

డబ్బా మీద పిల్లవాడి పేరుకు బదులు నంబరు రాయండి. పేరు మీ రిజిస్టరులోనే ఉంచండి. నంబరు పక్కన బడి పేరు సరిపోదు, ఇల్లు ఏ లంకలోనో, ఏ పేటలోనో రాయండి. ఒకే బడికి పిల్లలు వేరే పేటల నుంచి కూడా రావచ్చు. పురుగు అంటుకునేది ఎక్కువగా ఇంటి చుట్టూ ఉన్న మట్టిలోంచే. సర్వే మాత్రల రోజు అయిపోగానే పెడితే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కాబట్టి ఫిబ్రవరి మాత్రకు ముందే, సంక్రాంతి సెలవులు అయ్యాక జనవరి చివరి వారంలో పెట్టుకుందాం. జులైలో అయితే వరద. డబ్బాలు మాత్రం శనివారం ఇవ్వకండి. ఆదివారంది సోమవారం తెస్తారు, అప్పటికి అది చూడ్డానికి పనికిరాదు.