బ్లాక్ 82లో అరువు చోటు

అందరికీ నమస్కారం. డోర్ట్‌మండ్ నుంచి మాట్లాడుతున్నాను. నా గొంతు బొంగురుగా వినిపిస్తే కంగారు పడకండి, జలుబు కాదు. శనివారం ఫుట్‌బాల్ మైదానంలో రెండు గంటలు నిలబడి, పాడి, అరిచి వచ్చాను. ఈరోజు సోమవారం. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఈ మాటలు రికార్డు చేస్తున్నాను. మైదానం లోపలి దృశ్యాలు ఈ వీడియోలో ఉండవు. ఎందుకో ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ఈ బల్ల మీదున్న మూడు వస్తువులు చూడండి. గురువారం సాయంత్రం తీసిన దృశ్యం ఇది. ఒకటి ప్లాస్టిక్ కార్డు. పేరు కనిపించకుండా వేలు అడ్డం పెట్టాను. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్ బొరుసియా డోర్ట్‌మండ్ సొంత మైదానంలో ఆడే లీగ్ ఆటలన్నింటికీ ఏడాది పొడవునా పనికొచ్చే సీజన్ టికెట్ అది. రెండోది నలుపూ పసుపూ చారల ఉన్ని స్కార్ఫు, అంచులు రేగిపోయి ఉంది. మూడోది చేతుల్లేని డెనిమ్ కోటు. దాని మీద అంగుళం ఖాళీ లేకుండా గుడ్డ బిళ్లలు కుట్టి ఉన్నాయి. ఇలాంటి కోటును ఇక్కడ కుట్టె అంటారు. అది అచ్చమైన జర్మన్ మాట, మన కుట్టుకూ దానికీ చుట్టరికం లేదు. అయినా ఆ కుట్లు చూసినప్పటి నుంచి నాకది తెలుగు మాటలాగే వినిపిస్తోంది.

ఈ మూడూ మా పై అంతస్తులో ఉండే పెద్దావిడవి. ఆవిడకు డెబ్బై దాటాయి. ట్రామ్ నడిపి రిటైరయ్యారు. మోకాలికి ఆపరేషన్ జరగడంతో మూడు నెలలు నిలబడకూడదన్నారు డాక్టర్లు. ఆవిడ టికెట్టేమో నిలబడి చూసేది. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగివచ్చి, వీటిని నా ముందు పెట్టి, "ఖాళీగా పోకూడదు. మీరు వెళ్లండి" అన్నారు.

కోటు మీద ఎడమ భుజం దగ్గర ఒక పాత బిళ్ల ఉంది. 1989 నాటి జర్మన్ కప్పు ఫైనల్‌ది. బెర్లిన్‌లో జరిగిన ఆ ఆటలో డోర్ట్‌మండ్ 4-1తో వెర్డర్ బ్రెమెన్‌ను ఓడించింది. నోర్బర్ట్ డికెల్ అనే ఆటగాడు సరిగా మానని మోకాలితోనే దిగి రెండు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ మోకాలే అతని ఆటను ముగించింది. ఇప్పుడు మైదానంలో మైకు పట్టుకుని గోల్ కొట్టినవాళ్ల పేర్లు ప్రకటించేది ఆయనే. ఆ బిళ్ల మీద వేలు పెట్టి పెద్దావిడ, "ఆయన మోకాలు అప్పుడు పోయింది, నాది ఇప్పుడు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఎంత గర్వమో!

మేము ఉండేది క్రాయిట్స్‌ఫియర్టెల్ పేటలో. ఊరి నడిబొడ్డు నుంచి మైదానానికి నడిచి వెళ్లే జనమంతా మా వీధుల మీదుగానే పోతారు. గోల్ పడితే ఆ హోరు మా వంటింట్లోకి వస్తుంది. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకది రొద మాత్రమే. అది రొద కాదని తెలిసిన రోజు 2023 మే 27.

లీగ్‌లో ఆఖరి ఆట అది. బయర్న్ మ్యూనిక్ కన్నా డోర్ట్‌మండ్ రెండు పాయింట్లు ముందుంది. సొంత మైదానంలో మైంజ్ జట్టును గెలిస్తే చాలు, 2012 తర్వాత మళ్లీ చాంపియన్లు. పొద్దుటి నుంచే మా వీధి పసుపు రంగు పులుముకుంది. తీరా ఆట మొదలయ్యాక తొలి పాతిక నిమిషాల్లోనే మైంజ్ రెండు గోల్స్ కొట్టింది, డోర్ట్‌మండ్ ఒక పెనాల్టీ పోగొట్టుకుంది. అరవై తొమ్మిదో నిమిషంలో ఒక గోల్ తిరిగి వచ్చింది. నేను బాల్కనీ తలుపు తెరిచి నిలబడ్డాను. ఉన్నట్టుండి ఊరంతా ఒక్కసారిగా అరిచింది. ఇక్కడ గోల్ పడలేదు. అదే వేళకు కొలోన్‌లో ఆడుతున్న బయర్న్ మీద 81వ నిమిషంలో స్కోరు సమమైంది. డోర్ట్‌మండ్ ఓడిపోతున్నా సరే, ఆ లెక్కన టైటిల్ డోర్ట్‌మండ్‌దే. ఎనిమిది నిమిషాలు. 89వ నిమిషంలో బయర్న్ కుర్రవాడు ముసియాలా గోల్ కొట్టాడు. నాకు వినిపించింది నిశ్శబ్దం. వీధిలో ఎవరి చేతిలోంచో సీసా దొర్లిన చప్పుడు మూడో అంతస్తు దాకా వచ్చింది. ఆఖరి క్షణాల్లో డోర్ట్‌మండ్ ఇంకో గోల్ కొట్టి 2-2 చేసింది కానీ ఏం లాభం! ఇద్దరికీ 71 పాయింట్లు, గోల్స్ తేడాలో టైటిల్ బయర్న్‌కు వెళ్లిపోయింది.

కొద్దిసేపటికి పాట మొదలైంది. తప్పు విన్నానేమో అనుకున్నాను. పెద్దావిడ తర్వాత చెప్పారు: దక్షిణపు స్టాండు నుంచి జనం కదల్లేదు, ఆటగాళ్ల కోసం పాడుతూనే ఉన్నారు. కోచ్ ఎడిన్ టెర్జిచ్ వాళ్ల ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఒకప్పుడు అతనూ ఆ స్టాండులోనే నిలబడి ఆట చూసిన అభిమాని. ఓడిన జట్టును తిట్టకుండా దగ్గరకు తీసుకోవడం ఏమిటో ఆ సాయంత్రం మా బాల్కనీలో విన్నాను. శనివారం నేను వెళ్లింది ఆ పాట దగ్గరికే, ఆట కోసం కాదు.

ఇప్పుడు వీధిలోకి వచ్చాం. లిండెమాన్ వీధి మీదుగా దక్షిణం వైపు నడుస్తున్నాం. ఆట మూడున్నరకు. శనివారం మూడున్నర అంటే ఈ దేశంలో ఫుట్‌బాల్ వేళ. తాత, కూతురు, మనవడు ఒకే రంగు స్కార్ఫుల్లో పోతున్నారు, ముఖాలు కనిపించకుండా వెనక నుంచే తీశాను. రైల్లో వచ్చేవాళ్లు ప్రయాణానికి విడిగా టికెట్ కొననక్కర్లేదు. ఆట టికెట్టే ఈ ప్రాంతపు రైళ్లలో, ట్రాముల్లో చెల్లుతుంది.

పెద్దావిడ మాటల్లో "మా క్లబ్" అన్నది ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. మొదట్లో అది అభిమానం కొద్దీ అనే మాటే అనుకున్నాను. కాదు. ఆవిడ క్లబ్‌లో సభ్యురాలు, ఓటు ఉంది. రెండు లక్షలకు పైగా సభ్యుల్లో ఒకరు. జర్మనీలో 50+1 అని ఒక నియమం ఉంది. క్లబ్‌లో ఎవరు ఎంత డబ్బు పెట్టినా సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. 1998లో వచ్చింది ఈ నియమం. డోర్ట్‌మండ్ 2000లో స్టాక్ మార్కెట్‌కు కూడా వెళ్లింది, అంతకు మించి ఖర్చు పెట్టి 2005లో దివాలా అంచు దాకా వచ్చింది. అయినా పగ్గాలు సభ్యుల సంఘం చేతిలోంచి పోలేదు. ఆ కష్టకాలంలో బద్ధ పోటీదారు బయర్నే 20 లక్షల యూరోలు అప్పిచ్చిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. మైదానం పేరును ఒక బీమా సంస్థకు అమ్మింది కూడా 2005లోనే. మా పెద్దావిడకు మాత్రం అది ఇప్పటికీ వెస్ట్‌ఫాలెన్‌స్టాడియోనే.

ఓటుతోనే ఊరుకోరు వీళ్లు. 2023 డిసెంబరులో జర్మన్ లీగ్ తన ప్రసార ఆదాయంలో వాటాను బయటి పెట్టుబడిదారుకు ఇవ్వాలని తీర్మానించింది. దేశమంతటా స్టాండ్లలో అభిమానులు మొదటి పన్నెండు నిమిషాలు నోరు విప్పకుండా నిలబడ్డారు. తర్వాత మైదానంలోకి టెన్నిస్ బంతులు, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలు విసిరారు. ఆటలు ఆగిపోయాయి. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఆలోచన మానుకుంది. మన భాషలో అభిమానం అంటే ప్రేమా అవుతుంది, పౌరుషమూ అవుతుంది. ఈ రెండు అర్థాలూ ఒకేచోట నాకు కనిపించింది ఇక్కడే.

ఆ పౌరుషం ఎక్కడిదో తెలియాలంటే ఊరికి ఈశాన్యాన ఉన్న బోర్సిగ్‌ప్లాట్స్ చూడాలి. ఈ దృశ్యం పోయిన వారం తీసింది. పక్కనే ఒకప్పుడు హోష్ ఉక్కు కర్మాగారం. 1909 డిసెంబరు 19న ఈ పేట చర్చికి చెందిన యువకులు కొందరు ఒక సారాయి కొట్టు పై గదిలో చేరి ఈ క్లబ్ పెట్టారు. ఫుట్‌బాల్ మోటు ఆట అని చర్చి గురువు గట్టిగా వ్యతిరేకించినా ఆగలేదు. ఈ నలుపు, పసుపు వాళ్లు ఎంచుకున్నది నాలుగేళ్ల తర్వాత. మొదట తొడిగింది నీలం, తెలుపు చారల చొక్కాలు. ఇప్పుడు ఈ ఊళ్లో బొగ్గు లేదు, ఉక్కు కొలిమి లేదు. ఈ ఊళ్లోనే హోర్డె పేటలోని ఉక్కు కర్మాగారాన్ని విప్పి చైనాకు తరలించారు, అది నిలిచిన చోట ఫీనిక్స్ సరస్సు వచ్చింది. పెద్దావిడ తండ్రి హోష్‌లో పని చేశారు. "నాన్న పని చేసిన చోటు చూపించమంటే చూపించలేను. నాన్న నిలబడి ఆట చూసిన చోటు చూపించగలను" అన్నారు ఒకసారి. ఆయన చూసింది పక్కనున్న పాత రోటె ఎర్డె మైదానంలో. 1974 ప్రపంచ కప్పు కోసం ఈ పెద్ద మైదానం కట్టేదాకా ఆటలన్నీ అందులోనే.

ఇదిగో మైదానం. పసుపు రంగు ఉక్కు స్తంభాలు దూరానికే కనిపిస్తాయి. పట్టేది 81,365 మంది. అందులో సుమారు 25,000 మంది ఒకే స్టాండులో, దక్షిణపు వైపు, కుర్చీల్లేకుండా నిలబడి చూస్తారు. యూరప్‌లో ఇంత పెద్ద నిలబడే స్టాండు మరొకటి లేదు. పసుపు గోడ అంటారు దాన్ని. అక్కడ ఒక ఆట టికెట్ సుమారు 20 యూరోలే, అందుకే ట్రామ్ డ్రైవరూ విద్యార్థీ పక్కపక్కన ఉండగలుగుతున్నారు.

ఇక్కడ కెమెరా ఆపేశాను. "స్టాండులో ఫోను తీయకండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకపోవచ్చు. కానీ చేతులు చప్పట్లకు కావాలి" అని పెద్దావిడ ముందే చెప్పారు. పైగా తమను వీడియో తీయడం అక్కడివాళ్లకు ఇష్టం ఉండదు. అందుకే ఇక్కడి నుంచి మీకు మా వంటింటి కిటికీ, నా మాటలే.

మెట్లు ఎక్కీ ఎక్కీ బ్లాక్ 82 చేరాను. బాగా పైన ఉంటుంది అది. కిందికి చూస్తే కళ్లు తిరిగేంత వాలు. నిలబడేవాళ్లకు నంబర్లు ఉండవు, అలవాటును బట్టే చోటు. జనం ముందుకు పడిపోకుండా అడ్డంగా ఇనుప కడ్డీలు ఉంటాయి. పెద్దావిడ చెప్పిన కడ్డీ దొరికింది. పసుపు రంగు అరిగి, లోపలి ఇనుము నున్నగా మెరుస్తోంది. దానికి చేయి ఆనించి నిలబడ్డాను.

పక్కనున్న పెద్దమనిషి నన్ను చూడకముందే కోటును చూశాడు. "ఆమెకు ఏమైంది?" ఇదే మొదటి మాట. మోకాలి సంగతి చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి చెప్పాడు, వాళ్లు ఆ వెనకవాళ్లకు చెప్పారు. పది మంది ముఖాల్లో ఊరట చూశాను. ఇరవై ఆరేళ్లుగా ఆమె పక్కన నిలబడుతున్నాడట. ఇంటిపేరు తెలియదు. తర్వాత ఆయన నా భుజం మీద మెల్లగా తట్టి, "ఆమె ఎడమ వైపు నిలబడుతుంది. నువ్వు కుడి వైపు నిలబడ్డావు" అన్నాడు. జరిగాను.

నువ్వు అన్నాడు, విన్నారుగా. జర్మన్‌లోనూ మనలాగే నువ్వూ మీరూ వేరు. ఆఫీసులో, బ్యాంకులో, మెట్ల మీద ఎదురైనప్పుడు మీరు. స్టాండులో అందరికీ అందరూ నువ్వే.

ఆట మొదలవక ముందు అందరూ స్కార్ఫులు రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ అభిమానులు పాడే 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' పాటనే ఇక్కడా పాడతారు. నా చేతుల్లోని స్కార్ఫు రేగిన అంచు పక్కాయన బొటనవేలికి చుట్టుకుంది, పాట అయ్యేదాకా ఆయన దాన్ని విడదీయలేదు. గోల్ పడినప్పుడు డికెల్ గొంతు ఆటగాడి పేరు పలికితే ఇంటిపేరు మేమంతా అందుకున్నాం. కాళ్ల కింద కాంక్రీటు కదిలింది. చల్లటి బీరు ఎవరి గ్లాసు నుంచో నా మెడ మీద పడింది. ఆటలో ఏ పాస్ ఎటు పోయిందో నిజంగా నాకు గుర్తులేదు. ఒక కుర్ర ఆటగాడు బంతి పోగొట్టుకుని తల దించుకున్నప్పుడు స్టాండంతా అతని పేరు పాడింది. అది మాత్రం గుర్తుంది.

ఆట ముగిశాక పక్కాయన ఆమెకు ఏమీ చెప్పమనలేదు. కడ్డీ మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

రాత్రి మూడు వస్తువులూ తీసుకుని పైకి వెళ్లాను. పెద్దావిడకు స్కోరు చెప్పబోతే చేత్తో వారించారు. కిటికీ దగ్గర కూర్చుని హోరును బట్టి ఆటంతా లెక్కపెట్టుకున్నారట. కోటు అందుకుని భుజాల దగ్గర తడిమి, బీరు వాసన చూసి, కుర్చీకి తగిలించారు. ఎడమ వైపే నిలబడ్డారా అని అడిగారు. మొదట కుడి వైపు నిలబడ్డానని, ఆయన సరిచేశారని చెప్పాను. చెప్పాననే కానీ సగం మాటలు గాలిలాగే వచ్చాయి.

ఆవిడ తల ఎత్తి చూసి పెద్దగా నవ్వారు. కార్డు మళ్లీ నా చేతిలోనే పెట్టి, "గొంతు పోయిందా నీకు?" అన్నారు.

నీకు అన్నారు.