ఆ పట్టికను ఎవరైనా చూశారా?

సభలోని పెద్దలకు, హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

బిగ్‌బాస్ గురించి హనుమకొండలో సభ పెట్టుకోవాలా అని ఇందాక ఒక పెద్దాయన మెల్లగా అడిగారు. టీవీలో ఎవరు గెలిస్తే మనకేమిటన్న మాట సబబే. కానీ 2020లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఈ జిల్లాల్లో ఎంతమంది ఆమెను సొంత మనిషిలా చూసుకున్నారో ఆయనకూ తెలుసు. అభిమానం అలాగే మొదలవుతుంది. అంతకుముందే, 2018లో రెండో సీజన్ నడుస్తున్నప్పుడు కౌశల్ అనే పోటీదారు అభిమానులు కొందరు కౌశల్ ఆర్మీ అని పేరు పెట్టుకున్నారు. సైన్యమని పేరు పెట్టుకున్నాక శత్రువు కూడా కావాలి కదా!

ఇప్పుడు పిల్లల మధ్య ఒక కబురు తిరుగుతోంది. ఫలానా పోటీదారు అభిమానులను ఏడిపించడానికి అవతలివాళ్లు డబ్బిచ్చి మనుషులను పెట్టారట. ఎవరెవరిని తిట్టాలో పేర్ల పట్టిక కూడా ఉందట. ఆ పట్టికను చూసినవారు చేయెత్తండి అని ఒక హాస్టల్లో అడిగాను. ఒక్క చేయీ లేవలేదు. అందరికీ పక్క గదివాళ్లే చెప్పారు.

అలాగని తిట్లు అబద్ధం కాదు. ఒక అమ్మాయి తన ఫోను చూపించింది. అర్ధరాత్రి దాటాక, ఆమె రాసిన ఒక్క వాక్యం కింద వరసగా బూతులు. వాటిలో నాలుగు అచ్చంగా ఒకటే. 'సిగ్గు'లో గకారపు ఒత్తు నాలుగింటిలోనూ ఎగిరిపోయింది. ఇది కుట్రకు రుజువా? ఒకరు రాసినదాన్ని మరో ముగ్గురు కాపీ చేసి ఉండవచ్చు. ఓటు వేయమనే పిలుపులను అభిమానులు రోజూ అలాగే పంచుకుంటారు. నిన్నమొన్న తెరిచిన ఖాతాలు, వేరే రాత ఒక్కటీ లేనివి, గుంపుగా వచ్చి గుంపుగా మాయమైతే అనుమానం బలపడుతుంది. అప్పుడు కూడా వెనుక ఎవరున్నారో తేల్చాల్సింది పోలీసులు, పక్క గదివాళ్లు కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. వాళ్లు మన మీద పడబోతున్నారని నమ్మినవారు ముందే వెళ్లి తిట్టి వస్తారు. అవతలివాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, 'చూశారా, చెప్పామా లేదా' అంటారు. ఎవరూ పురమాయించకుండానే రెండు దండులు తయారు! 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియో దగ్గర ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఆ బస్సుల్లోనివాళ్లు ఎవరికి ఓటు వేశారో రాయి విసిరినవాడు అడిగాడా?

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది: బదులివ్వకు. ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకు కూడా దాచుకో. ఆ తర్వాతే బ్లాక్ చెయ్యి. ఆన్‌లైన్ తిట్లకు కేసు పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ పోయింది, ఇక ఎంత తిట్టినా కేసు లేదని ధీమాగా చెప్పేవారున్నారు. సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టివేసిన మాట నిజమే. అయితే చంపుతామని బెదిరించడం, వద్దన్నా ఆన్‌లైన్‌లో అమ్మాయి వెంటపడడం, ఫొటోను అశ్లీలంగా మార్చి పెట్టడం ఇవాళ్టికీ నేరాలే. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, షీ టీమ్స్‌ను కలవవచ్చు. ఫిర్యాదులో మాత్రం కంటితో చూసిందే రాయండి. పట్టిక సంగతి, ఉంటే, చూసినవారు రాస్తారు.

ఇక ప్రశ్నలు అడగండి. ఈసారి ఎవరు గెలుస్తారని మాత్రం అడగవద్దు. మా ఇంట్లోనే రెండు పక్షాలున్నాయి.