పూస రంధ్రంలోకి చూడండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి. ఆహ్వానపత్రికలో ‘చైనా ప్రాచీన జేడ్ నగల సేకరణ’ అని ఘనంగా వేశారు. నేను మాత్రం నా జేబులో ఉన్న ఈ ఒక్క పూస గురించి చెప్పుకోవడానికే వచ్చాను.

ముందు ఒక మాట. జేడ్ అంటే మరకతం కాదు. మా ఇంట్లో ఇప్పటికీ ‘ఆ పచ్చరాయి’ అనే అంటారు. జేడ్ అని పిలిచే రాళ్లు రెండు: నెఫ్రైట్, జేడైట్. పాత చైనా పనితనమంతా నెఫ్రైట్ మీదే. అది తెల్లగానూ, గోధుమరంగులోనూ కూడా ఉంటుంది. ఈనాటి నగల షాపుల్లో తళతళలాడే ఆకుపచ్చ జేడైట్ బర్మా నుంచి వచ్చేది. చైనాలో దాని మోజు 18వ శతాబ్దం నాటిది.

సరే, పూస. హాంగ్‌కాంగ్‌లో ఒక దుకాణదారు ‘లియాంగ్జు కాలానిది, ఐదు వేల ఏళ్లది’ అన్నాడు. లియాంగ్జు అంటే చైనాలో హాంగ్‌జౌ దగ్గర బయటపడ్డ పాత నగరం. నెల జీతం పోసి కొన్నాను. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూశాను.

లియాంగ్జు వాళ్లకి లోహపు పనిముట్లు లేవు. జేడ్‌ని చెక్కరండీ, అరగదీస్తారు. ఇసుక, నీళ్లు, తాడు, ఓపిక! పొడవాటి పూసకి రంధ్రం చెయ్యాలంటే అటు సగం, ఇటు సగం తొలిచేవారు. మధ్యలో రెండూ సరిగ్గా కలవక చిన్న మెట్టు మిగిలిపోయేది. నా పూసలో మెట్టు లేదు. తుపాకీ గొట్టంలా నున్నగా ఉంది. అంటే నకిలీదన్నమాట! మా ఆవిడ ‘పోనీ, దండలో గుచ్చుకుంటాను ఇటివ్వండి’ అంది.

నవ్వండి, ఫర్వాలేదు. కానీ అది అసలుదే అయితే? ఏ సమాధినో దొంగచాటుగా తవ్వి తెచ్చి ఉండేవారు కదా! 1976లో చైనాలోని అన్యాంగ్‌లో ఫూహావో అనే ప్రాచీన రాణి సమాధి తెరిచారు. దొంగలు తాకలేదు కాబట్టి 755 జేడ్ వస్తువులు ఉన్నచోటే దొరికాయి. వాటిలో కొన్ని ఆవిడ కాలానికే పాతవి. అంటే మూడు వేల ఏళ్ల కిందట ఆవిడా మనలాగే పాత వస్తువులు పోగేసేదన్నమాట! ఎవరైనా ముందే తవ్వి అమ్మేసుకుంటే ఆ సంగతి మనకెలా తెలిసేది?

అందుకే కుర్రాళ్లూ, ధర తర్వాత అడగండి. ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది, కాగితాలేవి? ముందు అవి అడగండి. దుకాణదారు గొంతు మారితే లేచి వచ్చెయ్యండి.

ఇదిగో పూస, ఇదిగో భూతద్దం. భూతద్దం ఒక్కటే ఉంది, ముందు వరుసవాళ్లు త్వరగా చూసి వెనక్కి ఇవ్వండి బాబూ.