పాత స్పోర్ట్స్ కారు: ముందు ఏది విప్పాలి?

శ్రోతలకు నమస్కారం. షెడ్డులో గుడ్డ కప్పి ఉంచిన పాత ఎంజీ బీ కారు ఒకటి మీ ఇంట్లో ఉందనుకుందాం. పైకప్పు లేనిది, ఇద్దరు కూర్చునేది. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి. 1798 సీసీ ఇంజను.

మన తిరుపతి షెడ్లలో చాలామంది ఇలాంటి బండికి ముందు ఇంజను దించేస్తారు. వద్దు. బోరు, పిస్టన్లు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. బాడీ సంగతి తేలకుండా వాటి మీద పెట్టే రూపాయి దండగే.

ఈ కారుకు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే ఇనుప చట్రం, లేదు. తలుపుల కింద గడపలా ఉండే పెట్టెను సిల్ అంటారు. బరువు చాలావరకు మోసేది అదే. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ వెంట జరపండి. పట్టు వదిలిన చోట రంగు కింద పుట్టీ దట్టంగా ఉన్నట్టు. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయిందా, ఆ సిల్ కోసెయ్యాల్సిందే. కొత్త రేకులు ఇంగ్లండులో ఇప్పటికీ తయారవుతున్నాయి, చేతికి వచ్చాకే కోత మొదలుపెట్టండి.

కొంప మునిగేది ఇక్కడే. ముందూ వెనకా జాకీలు పెట్టి సిల్ కోశారంటే కారు నడుము కుంగుతుంది. తలుపు పైసందు మూసుకుపోతుంది, ఎంత కొట్టినా పడదు. అందుకే తలుపు సందులు ముందే కొలిచి రాసుకోండి. తలుపు తీసిన ఖాళీలో ఇనుప పైపు అడ్డంగా బిగించండి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోది. చుక్క వెల్డింగ్ పెట్టి, తలుపు తగిలించి చూసి, అప్పుడు పూర్తిగా వెయ్యండి.

బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం తలకు మన 13 మిల్లీమీటర్ల స్పానర్ పట్టినట్టే ఉంటుంది, బలం పడగానే జారి తల గుండ్రమైపోతుంది. ఇంగ్లీషు సెట్టు ఒకటి కొనుక్కోండి.

పెట్రోలు హోస్‌లన్నీ మార్చాలి. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఎథనాల్‌కు పాత రబ్బరు మెత్తబడి కారుతుంది, వేడి ఇంజను పక్కన అది చిన్న విషయం కాదు.

కాగితాలు కూడా చూసుకోండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2021 నిబంధనల ప్రకారం రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజూ తిరగడానికి మాత్రం పనికిరాదు.

ఇక రంగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. ఆ తేమలో కొడితే రంగు తెల్లబారుతుంది. సంక్రాంతి దాటాక పెట్టుకోండి, రేకు గీకిన రోజే ప్రైమర్ కొట్టించండి.