జిల్లా గీత ఎవరి కొలతతో? కడప స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలు విడిపోయాయి. మన కడపలోని కొంత భాగం, చిత్తూరులోని కొంత భాగం కలిసి అన్నమయ్య జిల్లా అయింది. మేడమ్, చరిత్ర చెప్పేవారిగా మీరేమంటారు?

అధ్యాపకురాలు: మనకిది అలవాటే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో ఉండి దత్తమండలాలన్నిటినీ పాలించాడు. 1808లో బళ్లారి, కడప జిల్లాలు వచ్చాయి. 1882లో బళ్లారి నుంచి అనంతపురం వేరుపడింది. మదనపల్లె సంగతి మరీ విచిత్రం. 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా అది కడపదే. 2022లో అన్నమయ్య జిల్లాలో మళ్ళీ కడప వైపు రాయచోటితో కలిసింది.

విశ్రాంత తహసీల్దారు: నా ఉద్యోగంలో నేను చూసిన అసలు మార్పు జిల్లా కాదండీ, మండలం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అడంగల్ (భూమి, పంట వివరాల రికార్డు) నకలు, ఆదాయ ధ్రువపత్రం, గట్టు తగాదా అన్నీ తేలేది అక్కడే. తేలకపోతేనే, అర్జీలు తీసుకునే సోమవారం నాడు అర్జీ పట్టుకుని కలెక్టరేటుకు పోతారు.

రైతు ప్రతినిధి: ఆ సోమవారమే కదా సార్ అప్పట్లో మా బాధ! మాది రాజంపేట. కడపకు రైలుంది, బస్సుంది. 2022లో జిల్లా కేంద్రం రాయచోటి అన్నారు. అక్కడికి రైలే లేదు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మా మండలంలో ఉంది, లోక్‌సభ స్థానం మా ఊరి పేరుతో ఉంది, కలెక్టరేటు మాత్రం అప్పుడు వేరే ఊళ్ళో పెట్టారు! ఆందోళనలు ఊరికే జరగలేదు.

వ్యాఖ్యాత: 2022లో లోక్‌సభ నియోజకవర్గానికో జిల్లా అన్నది అందరికీ ఒకే కొలమానం కదా?

విశ్రాంత తహసీల్దారు: ఆ కొలమానమే సరికాదంటాను. నియోజకవర్గాన్ని ఓట్ల కోసం జనాభా లెక్కతో గీస్తారు, రేపు పునర్విభజన జరిగితే మళ్ళీ గీస్తారు. జిల్లాకు చూడాల్సింది జనం రోజూ తిరిగే దారి. పాణ్యం నియోజకవర్గం నంద్యాల లోక్‌సభ కిందిది. అయినా కర్నూలు నగరానికి అతుక్కుని ఉన్న కల్లూరునూ, ఓర్వకల్లునూ కర్నూలు జిల్లాలోనే ఉంచి, పాణ్యం, గడివేములను నంద్యాలకు ఇచ్చారు. అక్కడ చేసిన ఆలోచన రాజంపేటకు అప్పుడు ఎందుకు చేయలేదు?

అధ్యాపకురాలు: ఇంకో తిరకాసు కూడా ఉంది. 2022లో జిల్లా పరిషత్తులను విడదీయలేదు. శ్రీసత్యసాయి జిల్లాకు కలెక్టరు పుట్టపర్తిలో, జడ్పీ సమావేశం అనంతపురంలో.

వ్యాఖ్యాత: గ్రామ సచివాలయాలు వచ్చాక గ్రామంలోనే సర్వేయరు ఉన్నారుగా, ఇంకా జిల్లా దూరంతో పనేముంది?

రైతు ప్రతినిధి: కొలత ఊళ్ళోనే వేస్తారు సార్. మ్యుటేషన్, అంటే రికార్డులో భూమి యజమాని పేరు మార్పు, తేల్చేది తహసీల్దారే. ఆయన కాదంటే ఆర్డీవో దగ్గరికి పోవాలి. ఆ పైన మళ్ళీ సోమవారమే!